మృదంగం మనది, కుట్టిన చేయి ఎవరిది?

బుక్కపట్నం చెరువు కట్ట మీద నిలబడి నీళ్లు చూడని వారు మన ప్రాంతంలో అరుదు. చిత్రావతి నీటిని ఆపి నిలిపిన ఆ చెరువు విజయనగర ప్రభువు బుక్కరాయల నాటిదని పెద్దలు చెబుతారు. ఊరికి కూడా ఆయన పేరే వచ్చింది. అయితే ఆ కట్టకు మట్టి మోసినవారి పేరు, రాయి పేర్చినవారి పేరు ఒక్కటైనా మనకు దక్కలేదు. చేయించినవాని పేరు నిలవడం, చేసినవాని పేరు పోవడం చరిత్రలో కొత్త సంగతి కాదు. సంగీత చరిత్రలోనూ ఇదే జరిగింది. ఈ శతాబ్ది సంచికలో సంఘ చరిత్రను గూర్చి, గురువుల సేవను గూర్చి, బడులను గూర్చి పెద్దలు వ్రాస్తున్నారు. నేను మాత్రం మన ఆరాధనలో మనకు చిరకాలంగా పరిచయమైన మృదంగాన్ని గూర్చి, దానిని చేసే చేతులను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాను.

మొదట నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏండ్ల క్రిందట మన ప్రాంతంలోని ఒక చిన్న సంఘంలో నేను ట్రెజరరుగా ఉన్నాను. క్రిస్మస్ పది దినాలు ఉందనగా గుడి మృదంగం కుడి మూత చిరిగింది. కబురు పెడితే ఒక పెద్దాయన సంచి భుజాన వేసుకొని వచ్చాడు. రెండు దినాలు గుడి వరండాలోనే కూర్చొని పనిచేశాడు. లోపలికి రమ్మని ఎవరమూ అనలేదు, ఆయనా రాలేదు. పని ముగిశాక లెక్క చెప్పాడు. కమిటీ పెద్దలు ఎక్కువన్నారు. బేరం చేసి తగ్గించి ఇచ్చిన చేయి నాదే. ఆయన కోపపడలేదు. “తోలుకు, వార్లకు అయిన లెక్క చెప్పినాను సార్. నా రెండు దినాల కూలి అందులో యాడుందో మీరే చూపండి” అన్నాడు. నేను చూపలేకపోయాను. ఆ క్రిస్మస్ నాడు పాటలు బాగా జరిగాయని అందరూ మెచ్చుకొన్నారు.

మన ఆరాధనకూ శాస్త్రీయ సంగీతానికీ ఉన్న సంబంధం సంఘస్థులకు విదితమే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తెరిచి చూస్తే పాటకు పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి భక్తులు ఈ నేల సంగీతంలోనే సువార్తను పాడి మనకు ఇచ్చారు. తాళం అనగానే మృదంగమో, డోలకో గుర్తుకు వస్తుంది. కర్ణాటక సంగీత కచ్చేరీకైనా, గుడిలో కీర్తనకైనా మృదంగాన్ని వాయించేవాడు ఒకడు, తయారుచేసేవాడు మరొకడు. ఒకడు వేదిక మీద కూర్చొంటాడు. ఇంకొకడు ఎక్కడ ఉంటాడో ఎవరూ అడగరు.

ఆ పని ఎటువంటిదో తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది. మృదంగం బుర్ర సాధారణంగా పనస కర్రతో చేస్తారు. దానికి ఆవు, మేక, గేదె తోళ్లు మూడూ కావాలి. వాటిని ఏరి, కడిగి, ఎండబెట్టి, మందం చూసి కోయాలి. కుడి మూతకు తోలు మీద తోలు పొరలుగా అమర్చి, అంచును జడలాగా అల్లి, గట్టి తోలు వార్లతో రెండు మూతలనూ కలిపి బిగించాలి. ఆ బిగింపుకు చేతులతోపాటు కాళ్లు, నడుము కూడా పనిచేయాలి. తరువాత నల్లరాయిని మెత్తగా పొడి చేసి, అన్నం ముద్దతో కలిపి, కుడి మూత నడుమ కరణి వేయాలి. ఒక్కసారిగా వేస్తే పనికిరాదు. పలుచగా ఒక పొర వేసి, నున్నని రాయితో రుద్ది, అది ఆరిన తరువాత మరొక పొర వేస్తూ పోవాలి. మృదంగంలో మనం విని ఆనందించే గంట వంటి నాదం ఈ కరణి వల్లనే వస్తుంది. ఇంత చేసినా ఆ మూత చిరకాలం ఉండదు. ఎక్కువ కచ్చేరీలు చేసే విద్వాంసుడు దానిని తరచుగా మార్పించుకోవలసిందే.

ఇందుకు కండబలం ఒక్కటే చాలదు, చెవి కావాలి. ఏ తోలు ఏ శ్రుతికి నిలుస్తుందో, ఎక్కడ వెంట్రుకవాసి ఎక్కువైతే నాదం మొద్దుబారుతుందో తెలియాలి. సంగీతజ్ఞానం లేనివాడు ఈ పని చేయలేడు. అయినా లోకం వాయించేవానిని విద్వాంసుడు అన్నది, చేసేవానిని పనివాడు అన్నది.

ఈ పనిలో తరతరాలుగా ఉన్నవారు చాలామంది దళితులు. వారిలో క్రైస్తవులు అనేకులు. తంజావూరులో సెబాస్టియన్ అనే ఆయన వంశీకులు తరాల తరబడి మృదంగాలు చేశారు. ఆ వంశంలోని పర్లాండు, పాల్ఘాట్ మణి అయ్యర్ (1912-1981)కు మృదంగాలు చేసి ఇచ్చిన ప్రసిద్ధుడు. పర్లాండు అన్నది ఫెర్నాండెజ్ అనే బాప్తిస్మపు పేరు జనం నోట మారి ఏర్పడిన పిలుపు. మణి అయ్యర్‌కు 1966లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మృదంగ విద్వాంసులలో ఆ గౌరవం మొదట ఆయనకే దక్కింది. అది ఆయనకు తగినదే. అయితే ఆ నాదాన్ని వెదకడంలో పర్లాండు కూడా పాలివాడు. ఆ సంగతి మాత్రం సంగీతలోకంలో లోపలివారు చెప్పుకొనే కబురుగానే మిగిలిపోయింది.

ఈ మౌనాన్ని బయటపెట్టినది గాయకుడు టి.ఎం. కృష్ణ. ఆయన మృదంగాలు చేసే కుటుంబాల ఇండ్లకు వెళ్లి, వారి మాటలు విని, ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే గ్రంథం వ్రాశారు. దానిని 2020 ఫిబ్రవరి 2న చెన్నైలోని కళాక్షేత్రంలో ఆవిష్కరించవలసి ఉంది. ఆవు తోలు ప్రస్తావన ఉన్న ఒక భాగం ముందుగా పత్రికలో వెలువడింది. వివాదం రేగుతుందని కళాక్షేత్రం తాను ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకొన్నది. సభ అదే నగరంలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో జరిగింది. తోలు మీద పుట్టిన నాదానికి తలుపులు తెరిచే ఉన్నాయి. తోలును గూర్చిన మాటకు మాత్రం తలుపు మూతబడింది.

ఇక్కడ న్యాయంగా రెండో పక్షం కూడా చెప్పాలి. తమ మృదంగం చేసినవారిని ప్రేమించిన విద్వాంసులు లేకపోలేదు. కష్టకాలంలో సాయపడినవారు, పెండ్లికి డబ్బు ఇచ్చినవారు ఉన్నారు. కానీ ప్రేమ వేరు, హక్కు వేరు. దయగా ఇచ్చినది ఇచ్చేవాని ఇష్టం మీద ఉంటుంది. న్యాయంగా రావలసినది అడిగి తీసుకోదగినది. విద్వాంసుని పేరు పెరిగేకొద్దీ కచ్చేరీ సంభావన పెరుగుతుంది. మూత వేసినవానికి మూతకు ఇంత అని ఇచ్చే కూలి ఆ పేరుతోపాటు పెరగదు. అతనికి యజమాని అంటూ ఒకడు లేడు గనుక కనీస వేతనం అడగడానికి చోటు లేదు. నడుము పడిపోతే పెన్షన్ లేదు. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న చేతివృత్తులవారి కోసం విశ్వకర్మ పథకం ప్రారంభించింది. అందులో వడ్రంగి, కుమ్మరి, చెప్పులు కుట్టేవారు మొదలుగా 18 వృత్తులను పేర్కొన్నారు. సంగీత వాద్యాలు చేసే వృత్తి పేరు ఆ పద్దెనిమిదిలో లేదు.

సంగీతలోకం మారదని నిరాశపడనక్కరలేదు. అడిగినవారు ఉన్నచోట అది మారింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలావస్థలో ఉన్నప్పుడు బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) తన సొంత డబ్బుతో అక్కడ మందిరం కట్టించింది. 1925లో దానికి ప్రతిష్ఠ జరిగింది. అయినా ఆమె దేవదాసీ కులంలో పుట్టిన స్త్రీ గనుక ఆరాధనోత్సవంలో పాడనివ్వలేదు. ఆమె ఊరకుండక స్త్రీలకు వేరుగా ఆరాధన నడిపింది. 1940 ప్రాంతానికి వేరువేరు పక్షాలు ఒక్కటై స్త్రీలకు చోటు దొరికింది. అలాగే నాదస్వర విద్వాంసులు నిలబడి వాయించవలసిన ఆచారాన్ని టి.ఎన్. రాజరత్నం పిళ్లై (1898-1956) కాదన్నాడు. వేదిక ఎక్కి కూర్చొని వాయించాడు. వాయించేవారి విషయంలో ఇంత మార్పు రాగా, వాద్యం చేసేవారి వంతు ఇంకా రాలేదు.

తోలుపనికి గౌరవం రాదని ఎవరైనా అంటే, మన దాపులోనే జవాబు ఉంది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును పారదర్శకంగా చేసి, బొమ్మ కోసి, రంగు వేసే చేయికి దేశం నమస్కరించింది. తోలుబొమ్మలాటలో బొమ్మ చేసేవారే తెర వెనుక దానిని ఆడించి, కథ పాడుతారు. పని ఒకరిది, పేరు మరొకరిది అయ్యే అవకాశం అక్కడ తక్కువ. మృదంగం విషయంలో పనికీ పేరుకూ నడుమ కులం అడ్డుగోడ లేచింది. అంటే లోపం తోలులో లేదు, మన చూపులో ఉంది.

క్రైస్తవులమైన మనకు ఈ చూపు అసలే ఉండకూడదు. నిర్గమకాండము 31వ అధ్యాయం చదివినవారికి బెసలేలు గుర్తుంటాడు. ప్రత్యక్షపు గుడారం పని చేయడానికి దేవుడు అతనిని పేరు పెట్టి పిలిచాడు. అతని తండ్రి పేరు, గోత్రం పేరు కూడా గ్రంథంలో వ్రాసి ఉన్నాయి. తోడు పనివాడైన అహోలీయాబు పేరు సైతం విడిచిపెట్టలేదు. ఆ గుడారానికి పైకప్పు పొట్టేళ్ల తోళ్లతో చేసినదే. తోలు కప్పు క్రింద ఆరాధన జరిగింది. ఆ పని చేసినవారి పేరు నేటికీ చదువుకొంటున్నాము.

మన సంఘాలలో తోలుపని చేసిన వంశాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. మా తాత కూడా తోళ్లు పదును చేసినవాడే. చదువు వచ్చి, ఉద్యోగం వచ్చి, తెల్లచొక్కా వేసుకొన్న తరువాత ఆయన మనుమడే వరండాలో కూర్చొన్న పెద్దాయనతో బేరం చేశాడు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం అదే.

కనుక సంఘ పెద్దలకు, గాయక బృందాలకు నా మనవి చిన్నది. వాద్యం బాగుచేయడానికి వచ్చినవారిని లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. తోలు ఖర్చు వేరుగా, దినకూలి వేరుగా లెక్క వ్రాసి, పని ముగిసిన నాడే ఇచ్చివేయండి. బేరం చేయకండి. పండుగ కార్యక్రమం అచ్చువేసేటప్పుడు పాడినవారి పేర్లు, వాయించినవారి పేర్లు వేస్తారు గదా. వాటి క్రింద వాద్యం చేసినవారి పేరు కూడా ఒక పంక్తి వేయించండి. సంఘంలోని పిల్లలను ఒకసారి వారి ఇంటికి తీసుకొనిపోయి ఆ పని చూపించండి.

నాతో ఆ మాట అన్న పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన పేరు ఆనాటి లెక్కల పుస్తకంలో ఉంటుందేమోనని వెదికాను. ‘మృదంగం మరమ్మతు’ అని ఒక పద్దు ఉంది, దాని ఎదుట రూపాయలు ఉన్నాయి. ఆ దస్తూరీ నాదే. పేరు మాత్రం నేను వ్రాయలేదు. బుక్కపట్నం చెరువు కట్టినవారి పేర్లు ఇక మనకు దొరకవు. మన గుడిలో రేపు మూత వేయబోయేవాని పేరు వ్రాసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.