చెడుగుడు: పట్టు, తగవరి, శిక్ష

శ్రోతలలో చాలమంది చిన్ననాడు చెడుగుడు ఆడియే యుందురు. ఆడనివారు గట్టున నిలిచి చూచియైన నుందురు. గోదావరి డెల్టాలో ఈ యాటకు ప్రత్యేకముగా స్థలము వెదుకనక్కరలేదు. సార్వా కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట కళ్లముల చదును మిగులును. ఏటి నీరు తీసిన పిమ్మట లంకల యొద్ద ఇసుక తిన్నెలు మిగులును. నడుమ నొక గీత, ఇరుప్రక్కల రెండు జట్లు. అంతకు మించిన సామగ్రి లేదు. సంక్రాంతికి డెల్టాలో కోడిపందెములే వినోదమని పైప్రాంతములవా రనుకొందురు గాని, ఆ పండుగకే చెడుగుడు పోటీలు పెట్టు గ్రామములును గలవు.

ఈ యాట గొప్పదనమును వర్ణించుట మా యుద్దేశము కాదు. ఇందులో దెబ్బ తగులు పట్టును గూర్చియు, ఆ దెబ్బకు శిక్ష విధింపవలసిన తగవరిని గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచినాము.

కూతకు వచ్చినవాడు ఒంటరి. ఎదుటివారు ఏడుగురు. వాడు ఒకనినైన తాకి, కూత తెగకుండ తన గీత చేరవలెను. వీరు వానిని తమ భాగమునందే అణచిపట్టవలెను. కావున ఈ యాటలో పట్టుట తప్పు కాదు, పట్టుటయే ఆట. మడమ పట్టు, మోకాలి పట్టు, నడుము పట్టు, ఇద్దరు చేతులు కలిపి గొలుసుగా ఏర్పడి చుట్టివేయుట, ఇవన్నియు నేర్పరితనములే. బలముగా పట్టుటకును, విరుగునట్లు పట్టుటకును నడుమనున్న దూరము వెంట్రుకవాసి. ఒకడు చీలమండ పట్టినపుడు మరియొకడు వెనుకనుండి మోకాలిపై దూకినచో రెండు పట్లును వేరువేరుగా న్యాయమైనవే కావచ్చును, కీలు మాత్రము నిలువదు.

పూర్వము ఈ యాటకు వ్రాసిన నియమము లేదు. ఒక్కొక్క సీమ కొక్కొక్క పద్ధతి. సంజీవని యను పద్ధతిలో, ఎదుటిజట్టువాడొకడు చచ్చిన మనవాడొకడు బ్రతికి వచ్చును. గామిని యందు చచ్చినవాడు జట్టంతయు పడిపోవువరకు వెలుపలనే యుండవలెను. అమర్ పద్ధతిలో చచ్చినవాడును ఆటలోనే యుండును, ఎదుటివారికి పాలు మాత్రము చేరును. తీర్పు చెప్పువాడు ఊరిలోని పెద్దమనిషి. ఆయన పద్ధతి నేటివారికి నవ్వు పుట్టింపవచ్చును. ఎవడు పౌరుషముకొలది పట్టెనో, ఎవడు పాతపగ పెట్టుకొని పట్టెనో ఆయనకు ముందే తెలియును. చేనిగట్టు తగవులు, నీటివంతు తగవులు చెడుగుడు బరిలోనికి వచ్చుట ఆయన చూచినదే. నియమము తెలియకపోయినను మనిషి తెలిసినవాడు. అయితే ఆ తెలివి రెండంచుల కత్తి. మోతుబరి కుమారుడు పట్టిన పట్టు పట్టుగాను, పాలేరు పట్టిన అదే పట్టు దౌర్జన్యముగాను కనబడిన దినములు లేవని ఎవ్వరును ప్రమాణము చేయజాలరు.

వ్రాతపూర్వకమైన నియమములు మహారాష్ట్రము నుండి వచ్చినవి. 1923లో బరోడాలోని హింద్ విజయ్ జిమ్ఖానా వారి ప్రయత్నమున అవి అచ్చుపడి, అఖిలభారత పోటీ జరిగినది. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిను ఒలింపిక్సు సందర్భమున ఈ యాటను ప్రదర్శించిరి. 1950లో అఖిలభారత కబడ్డీ సమాఖ్య యేర్పడినది. 1952లో మొదటి జాతీయ పురుషుల పోటీలు మదరాసులో జరిగినవి. అప్పటికి గోదావరి జిల్లాలును మదరాసు రాష్ట్రములోనివే. చెడుగుడు కబడ్డీ యైనది ఈ త్రోవనే. పాఠశాలలలో డ్రిల్లు మాస్టర్లు కొలతబద్దతో గీతలు గీయ మొదలిడిరి.

ఆ నియమములు ఏమని చెప్పుచున్నవి? కూతకు వచ్చినవాని నోరు మూసి కూత ఆపరాదు. జుట్టునుగాని బట్టనుగాని పట్టరాదు. కాళ్లతో కత్తెర వేయరాదు. గాయము కలుగునంత దౌర్జన్యముగా పట్టరాదు. కావాలని బరి వెలుపలికి త్రోయరాదు. మొదటి మూడింటి విషయమున చిక్కు లేదు. నోరు మూసెనా, లేదా యనునది కన్ను చెప్పును. చిక్కంతయు ‘దౌర్జన్యముగా’ అను నొక్క మాటలో నున్నది. దానిని కొలుచు కొలబద్ద ఏ పుస్తకమునందును లేదు. మొదటి భాగమున ఈల వేసి మందలించిన పట్టునే, ఆట చివర రెండు నిమిషములలో అదే రిఫరీ చూచియు చూడనట్లు విడిచిపెట్టుట మనము చూచుచునే యున్నాము. పోటీ ఏర్పరచిన గ్రామపు జట్టు ఓడుచున్నప్పుడు ఈల మరికొంత ఆలస్యమగును.

నేల సంగతియు ఆలోచింపవలెను. లంక ఇసుకలో ఎత్తి వేసినవాడు దులుపుకొని లేచును. వేసవి యెండకు రాయియైన నల్లనేలపై అట్లే వేసినచో మెడకే ముప్పు. పెద్ద పోటీలలో ఇప్పుడు పరుపులు పరచుచున్నారు. అక్కడ పడుట మేలే గాని, అరికాలు అంటుకొని మోకాలు మెలిపడుట వేరు కష్టము. ఒకటే పట్టు, మూడు నేలలు, మూడు ఫలితములు. రిఫరీ చేతనున్న వాక్యము మాత్రము ఒకటే.

ఇది మన యొక్కరి కష్టమే కాదు. ఐర్లండులో 1884లో స్థాపింపబడిన గేలిక్ క్రీడాసంఘమువారి ఫుట్‌బాలులోను ఆటగాండ్రు తమ తమ ఊళ్ల పక్షమున, జీతము లేక ఆడుదురు. అక్కడను మొరటు పట్టులకు ఒక రిఫరీ ఒకటి, మరియొక రిఫరీ మరియొకటి శిక్ష వేయుచున్నారని రచ్చ. బుద్ధిపూర్వకముగా ఆట చెడగొట్టువారికై 2014లో నల్లకార్డు ప్రవేశపెట్టిరి. 2020లో దాని శిక్షను పది నిమిషములు వెలుపల కూర్చుండబెట్టుటగా మార్చిరి. రచ్చ మాత్రము ఆగలేదు. మన కబడ్డీలో ఆకుపచ్చ కార్డు హెచ్చరిక, పసుపు కార్డు రెండు నిమిషముల వెలి, ఎర్రకార్డు ఆటనుండియే వెలి. ఇవి బాగుగనే యున్నవి. తీయవలసినపుడు జేబులోనుండి తీయుటయే కష్టము.

ఇంత చిన్న విషయమునకు ఇంత చర్చ యేలయని కొందరనవచ్చును. రైల్వేలోను, పోలీసు శాఖలోను క్రీడాకారుల కోటాలో ఉద్యోగము దొరకునను ఆశతో ఆడు పిల్లలు పల్లెలలో నున్నారు. ఒక పాలుతో జట్టు ఓడిన ఎంపికచేయువారి దృష్టిలో పడు అవకాశము పోవును. మోకాలు పోయినచో, అది యొక్కటే కాదు, బురదచేలో నాటువేయు శక్తియు పోవును. కూలిపనివాని ఇంట అది ఎంత నష్టమో డెల్టావారికి మేము చెప్పనక్కరలేదు.

పేరుపొందినవారి సంగతి కొంత మేలు. 2014లో ప్రారంభమైన ప్రో కబడ్డీ లీగులో చిత్రములు త్రిప్పి చూచి తీర్పు చెప్పు ఏర్పాటున్నది, వైద్యులున్నారు. 2022 అక్టోబరులో పవన్ సెహ్రావత్ తన జట్టు మొదటి ఆటలోనే, తాను ఒకని పట్టబోయి మోకాలు దెబ్బతిని ఆ యేటి పోటీకంతకు దూరమైనాడు. అందెవ్వరి దోషమును లేదు. ఆయన చికిత్స పొంది, మరుసటి పోటీలలో మన తెలుగు టైటాన్స్ జట్టునకే నాయకుడై వచ్చెను.

ఆ నడుమనే హాంగ్‌జౌ నగరమున, 2023 అక్టోబరు 7వ తేదీన, ఆసియా క్రీడల తుదిపోటీలో భారత, ఇరాను జట్లు 28–28గా సమముగా నున్నప్పుడు జరిగినది లోకమంతయు చూచినది. కూతకు వెళ్లిన పవన్ ఎవ్వరిని తాకకయే ప్రక్కగీత దాటెను. ఇరానువారు వాని వెంటబడి తామును దాటిరి. పాత నియమము ప్రకారము వెంటబడినవారును చచ్చినట్లే. తరువాత వచ్చిన నియమము ప్రకారము, కూతగాడు గీత దాటిన క్షణముననే ఆట ముగిసినది, వాడొక్కడే చచ్చినవాడు. న్యాయనిర్ణేతలు ఒకసారి ఇటు, ఒకసారి అటు చెప్పిరి. ఉభయపక్షములును బరిలో కూర్చుండినవి. దాదాపొక గంట ఆట నిలిచినది. తుదకు భారతము 33–29తో స్వర్ణము గెలిచినది. గెలిచినది మనమే యైనను, ఆ గంటసేపు ఇరానువారి ముఖములు చూచినవారు ఆ గెలుపును గూర్చి నిశ్చింతగా మాటలాడలేరు.

అంతటి పోటీలోనే ఏ నియమావళి నడచుచున్నదో ఏకాభిప్రాయము లేకపోగా, సంక్రాంతి పందెములో ఈల పట్టుకొని నిలుచున్న వ్యాయామోపాధ్యాయుని మనమేమనగలము? ఆయన చేత కార్డులుండవు. ప్రక్కన బహుమతి యిచ్చు పెద్దలు కూర్చుండియుందురు. పోటీ నడపువారు చేయదగిన పని యొకటి కలదు. ఆట మొదలిడుటకు ముందే ఇరుజట్ల నాయకులను గీత యొద్దకు పిలిచి, ఏ పట్టు తప్పో, గీత దాటినప్పుడు ఎవరు చచ్చినట్లో, ఏ తప్పునకు ఎంతసేపు వెలియో అందరు వినునట్లు చదివించవచ్చును. అందుకు పది నిమిషములు చాలును, ఖర్చేమియు లేదు.