మా అవ్వ వక్కాకు సంచి, మా ఇంటి తుపాకి బీరువా

మా ఇంట్లోకి తుపాకి వచ్చి మూడు నెలలైంది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు వారం పట్టింది.

మా వీధికి దగ్గర్లోనే రెండు తెలుగువాళ్ల ఇళ్లలో వరసగా బంగారం పోయింది. అప్పట్నుంచీ మా ఆయన పట్టు పట్టారు. హెచ్-1బీ మీద ఉన్నన్నాళ్లూ ఆ ఊసే లేదు. వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే ఆ వీసా వాళ్లకి ఇక్కడ తుపాకి అమ్మరు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక ఆ అడ్డు కూడా పోయింది. పైగా మేముండేది టెక్సస్‌లో. రెండు నెలలు వాదించుకున్నాం. నేను ఓడిపోయాననే చెప్పాలి, కానీ ఒక షరతు పెట్టి ఓడిపోయాను: బీరువా ముందు, తుపాకి తర్వాత. ఏ బీరువా కొనాలి, ఇంట్లో ఎక్కడ పెట్టాలి అన్నది నేనే తేలుస్తాను. "సరేలే, బీరువాదేముంది, శనివారం వెళ్లి తెచ్చుకుందాం" అన్నారాయన. ఆ శనివారం రావడానికి ఏడు వారాలు పట్టింది. ఎందుకంటే నేను చదవడం మొదలుపెట్టాను. చదువుతూ చదువుతూ 1783లో తేలాను!

ఆ ఏడాది మార్చి 1న మసాచుసెట్స్‌లో ఒక చట్టం చేశారు. బోస్టన్ ఊళ్లో ఏ ఇంట్లోగానీ, కొట్టంలోగానీ, దుకాణంలోగానీ మందు దట్టించిన తుపాకి ఉండకూడదు. దొరికితే జప్తు, పైన జరిమానా. దొంగల గురించి కాదు, పిల్లల గురించీ కాదు. నిప్పు భయం. చెక్క ఇళ్ల ఊరది. ఏదైనా ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పడానికి పరిగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగు, లోపలున్న తుపాకి తనంతట తానే పేలి పోతారేమోనని ఆ చట్టం. ఇంట్లో ఆయుధాన్ని ఎలా ఉంచుకోవాలో ప్రభుత్వం చెప్పిన పాత చట్టాల్లో ఇదొకటి. చదవగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మాది చిత్తూరు జిల్లాలో అడవి పక్కన పల్లె. చెనక్కాయ చేలమీద అడవిపందులు పడేవి. మా తాతకి లైసెన్సున్న ఒంటిగొట్టం తుపాకి ఉండేది, ముందునుంచి మందు పోసి దట్టించే రకం. పడసాలలో దూలానికి దిగ్గొట్టిన రెండు కొక్కేల మీద అడ్డంగా వేలాడుతుండేది. ఎవరొచ్చినా కనబడేది. తాతకి అదొక దర్జా. దసరాకి దించి, నూనెగుడ్డతో తుడిచి, కొడవళ్లూ పారలతో పాటు బొట్టుపెట్టి పూజ చేసేవాళ్లు. ఎన్నికలొస్తే స్టేషన్లో అప్పగించి, అయిపోయాక తెచ్చుకునేవాడు. పిల్లలం నిచ్చెనేసుకుంటే అందే ఎత్తే. మరి మా అవ్వ ఎలా నిద్రపోయేదీ అని ఈ వయసులో ఆలోచిస్తే తెలిసింది. మందు డబ్బా పొయ్యికి ఆమడ దూరంలో, వెనకింటి అటక మీద. రవ్వలు ఇంకెక్కడో. తుపాకి పేలాలంటే చివర్న పెట్టే చిన్న రాగి కేపులుంటాయే, అవి మాత్రం ఆవిడ మొలలోని వక్కాకు సంచిలో. వక్కలు, సున్నపుకాయ, కేపులు. తాతకి రాత్రి కాపలాకి పోయేముందు అడిగి తీసుకోవాల్సిందే. "ఎన్ని కావల్ల?" అని అడిగి, లెక్కపెట్టి ఇచ్చేది. పొద్దున మిగిలినవి లెక్కపెట్టి తీసుకునేది. కేపు లేకపోతే ఆ దూలం మీదున్నది ఒట్టి ఇనపగొట్టమే.

మన దేశంలో ఈ తాళాల కథ వేరే దారిలో నడిచింది. 1878లో లిట్టన్ దొరగారి హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడు తుపాకి ఉంచుకోవాలంటే లైసెన్సు ఉండాలి, తెల్లవాళ్లకి మాత్రం మినహాయింపు. ఇంట్లో పిల్లల భద్రత వాళ్లకేం పట్టింది, 1857 మళ్లీ రాకూడదన్నదే వాళ్ల బెంగ. కొడవలకి మినహాయింపు ఇచ్చారు, అది ఇప్పటికీ నడుస్తోంది. కొడగులో ఆయుధాలకి పూజ చేసే పండగే ఉంది, కైల్‌పొద్ అని. మిగతా వాళ్లకి తుపాకంటే పోలీసు స్టేషన్లో ఉండే వస్తువు. అందుకే కదండీ అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది! తుపాకులు అక్కడే ఉండేవి మరి. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు, లైసెన్సు పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది. మా తాత తుపాకి ఆ చట్టం కిందిదే.

అమెరికాలో ఇరవయ్యో శతాబ్దంలో చాలామంది ఇళ్లలో తుపాకుల బీరువా అంటే హాల్లో పెట్టుకునే అద్దాల బీరువా. నగిషీ చెక్క, లోపల వరసగా నిలబెట్టిన రైఫిళ్లు, ముందు గాజు తలుపు, పేరుకి ఒక చిన్న తాళం. ఇక్కడ ఎస్టేట్ సేల్‌లో (ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లన్నీ అమ్మేస్తారే, అది) నేనొకటి చూశాను కూడా. మన ఇళ్లలో షోకేసు లాంటిది. గాజు పగలగొట్టడానికి చెంచా చాలు. మా తాత దూలానికీ దీనికీ తేడా ఏముంది? మా తాత కేపులు ఇంకొకరి మొలలో ఉండేవి, అంతే తేడా.

గాజు పోయి ఉక్కు రావడానికి పిల్లలు పోవలసి వచ్చింది. ఫ్లోరిడాలో 1989లో పిల్లల చేతిలో తుపాకులు పేలిన ప్రమాదాలు వరసగా జరిగాక, పిల్లలకి అందేలా తుపాకి వదిలేస్తే పెద్దవాళ్లది నేరం అని ఈ దేశంలో మొదటిసారి ఒక రాష్ట్రం చట్టం చేసింది. మా టెక్సస్‌లో 1995లో వచ్చింది, పదిహేడేళ్ల లోపు పిల్లలకి వర్తిస్తుంది. బ్రిటన్‌లో 1987లో హంగర్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒకడు 16 మందిని కాల్చి చంపాక చట్టం బిగించారు. అక్కడ పోలీసులే ఇంటికొచ్చి బీరువా చూసి వెళ్తారు. లైసెన్సు భర్త పేరున ఉంటే తాళం ఎక్కడుందో భార్యకి కూడా తెలియకూడదు! ఇది చదివి మా ఆయనకి చెప్పానా, పకపకా నవ్వి "మనం లండన్ వెళ్లిపోదామా" అన్నారు. నేను నవ్వలేదు.

వాషింగ్టన్ నగరంలో 1976 నుంచీ ఇంట్లో తుపాకి ఉంటే విప్పదీసి గానీ, ట్రిగ్గరుకి తాళం వేసి గానీ ఉంచాలని నియమం ఉండేది. 2008లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని కొట్టేసింది. ఆత్మరక్షణకి ఇంట్లో తుపాకి ఉంచుకోవడం హక్కు అంది. ఆ కేసులో మన బోస్టన్ చట్టం కూడా చర్చకొచ్చింది. ఆపదలో వెంటనే చేతికందాలి, పిల్లల చేతికి మాత్రం అందకూడదు. ఈ రెండు కోరికలకీ పడదు. మా వాదనలన్నీ అక్కడికే వచ్చి ఆగేవి. "అర్ధరాత్రి దొంగొస్తే నీ తాళాలు తీస్తూ కూర్చోవాలా" అని ఆయన, "అర్ధరాత్రి దొంగ ఒక్కసారి రావచ్చు, పిల్లలు రోజూ ఇంట్లోనే ఉంటారు" అని నేను.

నన్ను నిలబెట్టిన కాగితం ఒకటి దొరికింది. 2006లో అచ్చయిన ఒక అధ్యయనం. అలబామా పల్లెల్లో తుపాకులున్న ఇళ్లలో తల్లిదండ్రుల్నీ, 5 నుంచి 14 ఏళ్ల పిల్లల్నీ విడివిడిగా అడిగారట. తుపాకి ఎక్కడుందో మా పిల్లలకి తెలియదు అన్న తల్లిదండ్రుల్లో 39 శాతం మంది పిల్లలు, మాకు తెలుసు అన్నారు. మావాడు ఎప్పుడూ ముట్టుకోలేదు అన్నవాళ్లలో 22 శాతం మంది పిల్లలు, ముట్టుకున్నాం అన్నారు. దీన్ని మా ఆయన ముందు పెట్టి, సున్నుండల డబ్బా గుర్తుచేశాను. నేను ఫ్రిజ్ మీద, కుక్కరు పెట్టె వెనక, పాత డబ్బాలో దాచిన సున్నుండలు మా ఎనిమిదేళ్ల వాడు రెండ్రోజుల్లో కనిపెట్టాడు. దాచిపెట్టడం వేరు, తాళం వేయడం వేరు అన్నది ఆ డబ్బాతో ఆయనకి ఎక్కింది.

ఇక బీరువా సంగతి. ఉక్కు మందాన్ని ఇక్కడ గేజ్‌లలో చెప్తారు, అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. నేనూ మొదట 18 గొప్పదనుకున్నాను! 18 గేజ్ అంటే 1.2 మిల్లీమీటర్లే, మన గోద్రెజ్ బీరువాలకి అన్నదమ్ములు. 14 గేజ్ దాదాపు 1.9, 12 గేజ్ 2.7 దాకా ఉంటుంది. పరీక్ష నెగ్గినట్టు ముద్ర వేసిన పెట్టెలుంటాయి. ఒక మనిషి మామూలు చేతి పనిముట్లతో 5 నిమిషాలు కుస్తీ పట్టినా తెరుచుకోకూడదన్నది ఆ పరీక్షల్లో మొదటి మెట్టు. అయిదు నిమిషాలేనా అని నేను నోరెళ్లబెట్టాను. అందుకే ఎక్కడ పెట్టామన్నది అంత ముఖ్యం. వేలిముద్రతో తెరుచుకునేది కావాలని మా ఆయన ఆశపడ్డారు. ఎవరి వేలు పెట్టినా తెరుచుకుంటున్నాయని 2023 అక్టోబరులో ఒక కంపెనీ దాదాపు 61 వేల పెట్టెల్ని వెనక్కి పిలిచిన వార్త చూపించాను. ఆ పెట్టెల్లో ఒకదాని వల్ల పన్నెండేళ్ల పిల్లాడు పోయాడని కేసుంది. ఆ మాట మళ్లీ ఎత్తలేదాయన. అంకెల తాళం ఉన్నది తీసుకున్నాం. పుట్టినరోజులు, పెళ్లిరోజు, పిన్‌కోడు నిషిద్ధం.

గరాజ్‌లో పెడదామన్నారు మొదట. తలుపెత్తిన ప్రతిసారీ వీధంతా చూస్తుంది, పైగా బద్దలుకొట్టడానికి కావలసిన గడ్డపారలూ సుత్తులూ పక్కనే పేర్చి ఉంటాయి, చెమ్మకి తుప్పొకటి. పడగ్గదిలో మంచం పక్కన వద్దే వద్దు. చివరికి మా గదిలో బట్టలు పెట్టుకునే చిన్న గది ఉంది, దాని మూల. రెండువైపులా గోడలుంటే గునపం దూర్చి పెకలించడానికి చోటు దొరకదు. ముందు నా పట్టుచీరలు వేలాడతాయి. ఖాళీ బీరువాని ఇద్దరు మనుషులు ట్రాలీ మీద దొర్లించుకుపోగలరు కాబట్టి నేలకి బోల్టులు బిగించాల్సిందే. బిగించడానికి వచ్చినతను ముందు గరాజ్‌లోకి వెళ్లి నేల చూశాడు. ఇక్కడి చాలా ఇళ్ల పునాది స్లాబులో బిగదీసిన ఉక్కు తీగలుంటాయట, డ్రిల్లు వాటికి తగిలితే ప్రమాదం, పునాదికీ చేటు. మా నేల మీద హెచ్చరిక ముద్ర వేసే ఉంది, పదేళ్లుగా దానిమీదే కారు పెడుతున్నాం! యంత్రంతో తీగలెక్కడున్నాయో చూసుకుని, లోతు తక్కువగా నాలుగు బోల్టులు బిగించాడు. లోపల చెమ్మ పీల్చే సంచులు నేనే పెట్టాను, ఊరగాయ జాడీలకి పెట్టినంత శ్రద్ధగా.

ఇంతవరకూ చిన్నవాడి గురించే రాశాను. మా అమ్మాయికి పదిహేను. పోయిన చలికాలమంతా తలుపేసుకుని ఉంది. మార్కులు, స్నేహాలు, ఇంకేవో, నాకు చెప్పినవి కొన్నే. పిల్లల డాక్టరమ్మ ఆ పిల్లని బయట కూర్చోమని, "ఇంట్లో తుపాకి ఉందా?" అని నన్నడిగింది. అప్పటికి లేదు. ఫ్లోరిడాలో డాక్టర్లు ఈ ప్రశ్న అడక్కుండా 2011లో చట్టం చేస్తే, 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు అందులో ఆ భాగం కొట్టేసింది. ఆ ప్రశ్న విలువ నాకు ఆ గదిలో కూర్చుంటే తెలిసింది. చిన్నపిల్లలకైతే చేతికందకపోతే చాలు. ఈ వయసు వాళ్లు అంకెలు గమనిస్తారు, వేళ్ల కదలిక చూస్తారు, పెద్దవాళ్లు మర్చిపోయిన రోజుని గుర్తుపెట్టుకుంటారు. ఆవిడ చెప్పింది ఇంతే: తుపాకి ఖాళీగా, తాళంలో. తూటాలు విడిగా, ఇంకో తాళంలో.

అంటే మా అవ్వ పద్ధతే.

అందుకని తూటాలకి వేరే చిన్న ఇనపపెట్టె కొన్నాను, తాళంచెవి ఉన్నది. అది ఆ బీరువాలో లేదు, ఆ గదిలోనూ లేదు. తూటాలు లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసి అందులోనే ఉంచాను. మా ఆయన రేంజికి ప్రాక్టీసుకి వెళ్లేముందు నన్నడగాలి. మొదటిసారి అడిగినప్పుడు ఆయన మొహంలో కొంచెం చిరాకు కనబడింది, "ఎన్ని కావాలి?" అన్నాను. వచ్చాక మిగిలినవి లెక్కపెట్టి తీసుకున్నాను. ఆ తాళంచెవి ఎక్కడుందో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఇక్కడ మాత్రం రాయను. మా అమ్మాయి ఈమధ్య తెలుగు చదవడం నేర్చుకుంటోంది.