గుండె ఎమ్మారై: ‘ఊపిరి బిగపట్టండి’ అన్న మాట మన భాషలో వినబడకపోతే

గుండె ఎమ్మారైకి వెళ్లే మన పెద్దవాళ్లకు మిషన్ చప్పుడు కంటే హెడ్‌ఫోన్‌లో వినిపించే ఆదేశమే పెద్ద చిక్కు. హోసూరులోనైతే ‘మూచ్చై అడక్కుంగ’ అంటారు, బళ్లారిలో ‘ఉసిరు హిడిదుకొళ్ళి’ అంటారు. బజారు భాష వచ్చినంత మాత్రాన ఆ గొట్టంలో పడుకున్నప్పుడు ఈ మాట చటుక్కున అందదు. అందుకే ఈ వివరం ఇస్తున్నాం.

నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో స్పందన సెకను కంటే తక్కువ. అంతలో స్పష్టమైన బొమ్మకు కావలసిన సమాచారమంతా మామూలు పద్ధతిలో అందదు. కనుక ఛాతీకి ఈసీజీ పట్టీలు అంటించి, ఆర్ అనే ఎత్తైన అలను గుర్తుగా పెట్టుకుని, ప్రతి స్పందనలో కొంత కొంత సేకరించి కలుపుతారు. అయస్కాంత క్షేత్రంలో పారే రక్తమే ఈసీజీ గీతను వంకర చేస్తుంది. అందుకే పట్టీలు సరిగా అంటుకోవాలి, ఛాతీ మీద వెంట్రుకలుంటే గీయించడం అందుకే. నాడి లయ తప్పేవారిలో ఈ కలపడం కుదరదు. వారికి అప్పటికప్పుడు తీసే వేగపు పద్ధతి వాడతారు, స్పష్టత కొంత తగ్గుతుంది.

ఇక ఊపిరి. డయాఫ్రం కిందికి దిగితే గుండె కూడా దిగుతుంది. ఒక్కో బొమ్మకు సుమారు 8 నుంచి 15 సెకన్లు ఊపిరి ఆపాలి, ఇలా చాలాసార్లు. బిగపట్టమనగానే గుండెల నిండా గాలి నింపుకోవడం మనకు అలవాటు. చాలాచోట్ల అడిగేది మాత్రం గాలి వదిలాక ఆపమని. ప్రతిసారీ గుండె దాదాపు ఒకే చోట ఆగేది అప్పుడే. ఒకసారి నింపి, ఒకసారి వదిలి ఆపితే ముక్కలు ఒకదానికొకటి అతకవు, గుండె పంపింగ్ శాతం లెక్క తప్పుతుంది. దాని మీదే మందులు, ఆపరేషన్ నిర్ణయాలు ఆధారపడవచ్చు.

ఆయాసం వల్ల ఆపలేనివారు సిగ్గుపడక ముందే చెప్పాలి. డయాఫ్రం కదలికను కనిపెడుతూ అది సరైన చోట ఉన్నప్పటి సమాచారాన్నే తీసుకునే నావిగేటర్ పద్ధతి ఉంది, కాకపోతే సమయం ఎక్కువ పడుతుంది.

వెళ్లేముందు టెక్నీషియన్ వాడే మూడు మాటలు, అంటే పీల్చు, వదులు, ఆపు, అడిగి తెలుసుకుని ఇంట్లో పడుకోబెట్టి నాలుగైదుసార్లు చేయించండి. పేస్‌మేకర్ ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి.