ఇంటివాళ్లను పిలవని సభ: అమెరికా రాజ్యాంగం, అక్కడి ఆదివాసీ జాతులు

విప్లవాల పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, అమెరికా రాజ్యాంగం రాసిన సభలో అక్కడి ఆదివాసులు ఎటువైపు కూర్చున్నారు?" మా పిల్లలకు సభ అంటే ఊరి పంచాయితీయే. తగాదా ఉన్నవాళ్లు చెరోవైపు, పెద్దలు మధ్యలో కూర్చుంటారు. అందుకే ప్రశ్న ఆ రూపంలో వచ్చింది. పాఠంలో దానికి జవాబు లేదు. టీటీసీ రోజుల్లో పదమూడు వలసలు, తేయాకు పెట్టెలు, జార్జ్ వాషింగ్టన్ అని బట్టీ పట్టినవాడినే నేనూ.

ఎటువైపూ కూర్చోలేదురా అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ అది సగం జవాబే. ఆ సభలో వాళ్లు లేరు, వాళ్ల భూమి మాత్రం ఉంది. రాసిన కాగితంలో వాళ్ల ప్రస్తావన రెండు చోట్ల ఉంది. ఆ రెండు చోట్ల కోసం రెండు వందల ఏళ్లకు పైగా కోర్టుల్లో కొట్లాట నడుస్తోంది.

ముందు పేరు సంగతి. అక్కడి కాగితాల్లో 'ఇండియన్లు' అని ఉంటుంది. కొలంబస్ పొరపాటు అది. చెరోకీ, క్రీక్, డెలావేర్, ఓనైడా, ఇలా ఎవరి పేరు వాళ్లకుంది. మనల్ని కోయ, గోండు, సవర అనకుండా అందరినీ కలిపి కొండోళ్లు అన్నట్టే ఇదీ.

పాఠంలో పన్నుల గొడవే పెద్దగా రాస్తారు. దాని పక్కనే భూమి గొడవ ఒకటుంది. 1763లో ఇంగ్లండు రాజు ఒక ప్రకటన చేశాడు. అపలాచియన్ కొండలకు పడమర ఉన్న నేల ఆదివాసీ జాతులది, అక్కడికి వలసవాళ్లు వెళ్లి స్థిరపడకూడదు అన్నాడు. ప్రేమతో కాదు, యుద్ధ ఖర్చు భరించలేక. అయినా వలసవాళ్లకు అది కంటగింపు అయింది. ఆ భూముల మీద పెట్టుబడి పెట్టాలని చూసినవాళ్లలో వాషింగ్టన్ కూడా ఉన్నాడు. 1776 స్వాతంత్య్ర ప్రకటనలో రాజు మీద చేసిన ఫిర్యాదుల జాబితా చివరికి వెళ్లి చూడండి. మనుషులంతా సమానమని మొదలుపెట్టిన అదే కాగితం అక్కడ ఆదివాసులను దయలేని అనాగరికులుగా వర్ణిస్తుంది. పిల్లలకు మొదటి పేరా మాత్రమే చదివించి ఆపేస్తాం మనం.

ఇంకో మాట తరచుగా వినిపిస్తుంది: అమెరికా సమాఖ్యకు నమూనా ఇరోక్వా జాతుల కూటమి అని. ఐదు జాతులు, తర్వాత ఆరు, ఎవరి ఊరి వ్యవహారం వాళ్లు చూసుకుంటూ యుద్ధం, శాంతి వంటి పెద్ద విషయాలకు ఒక పెద్ద సభలో కూర్చునేవి. 1744లో లాంకాస్టర్‌లో ఒప్పందం జరిగినప్పుడు కనసటేగో అనే ఇరోక్వా పెద్ద, మీరూ మాలాగా కలిసి ఉండండి అని వలసల ప్రతినిధులకు చెప్పాడు. ఆ ఒప్పందాన్ని అచ్చువేసింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. పదేళ్ల తర్వాత, 1754లో, ఆల్బనీలో వలసలన్నీ కలవాలని పథకం తెచ్చిందీ అతనే. 1988లో అమెరికా కాంగ్రెస్ ఈ రుణాన్ని ఒప్పుకుంటూ తీర్మానం కూడా చేసింది. అయితే రాజ్యాంగంలోని ఏ నిబంధన అక్కడి నుంచి వచ్చిందో చూపించమంటే చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకోరు. మనవాళ్ల గొప్ప చెప్పుకోవాలని నాకూ ఉంటుంది కానీ, క్లాసులో చెప్పేటప్పుడు ఈ రెండు మాటలూ చెప్పాలి.

స్వాతంత్య్రం ప్రకటించుకున్న పదమూడు రాష్ట్రాలు వెంటనే ఒక్క దేశంగా కలిసిపోలేదు. 1781లో అమల్లోకి వచ్చిన వాళ్ల మొదటి ఒడంబడికలో కేంద్రం పేరుకే ఉంది. పన్ను వేయలేదు, రాష్ట్రాలను బతిమాలుకోవాలి. ఒడంబడికలో అక్షరం మార్చాలన్నా పదమూడూ ఒప్పుకోవాలి. ఆదివాసీ జాతులతో వ్యవహారం ఎవరిది అనే చోట మరీ వింత. కేంద్రానిదే అంటూనే, ఏ రాష్ట్రం హద్దుల్లో ఆ రాష్ట్రం అధికారానికి భంగం కలగకూడదు అని రాశారు. ఆవు నీదే, పాలు మాత్రం మావి అన్నట్టు. ఇది అర్థం కాని, పొసగని రాత అని తర్వాత జేమ్స్ మాడిసన్ తానే విమర్శించాడు.

ఆ రోజుల్లో చేసిన రెండు ఒప్పందాలు మన టీచర్లు తప్పక తెలుసుకోవాలి. 1778లో ఫోర్ట్ పిట్ దగ్గర డెలావేర్ జాతితో చేసిన ఒప్పందంలో, కాంగ్రెస్ ఒప్పుకుంటే ఆదివాసీ జాతులు కలిసి ఒక రాష్ట్రంగా ఏర్పడి కాంగ్రెస్‌లో ప్రతినిధిని పెట్టుకోవచ్చని రాశారు. అంటే పద్నాలుగో రాష్ట్రం ఆదివాసులది కావచ్చన్న మాట కాగితం మీద ఉంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1782లో, క్రైస్తవం తీసుకుని శాంతిగా బతుకుతున్న 96 మంది డెలావేర్ స్త్రీ పురుషులను, పిల్లలను పెన్సిల్వేనియా సాయుధ దళం చంపేసింది. రెండోది 1785 హోప్‌వెల్ ఒప్పందం. చెరోకీలు కాంగ్రెస్‌కు తమ మనిషిని పంపుకోవచ్చని అందులో ఉంది. మా హద్దుల్లో కేంద్రానికేం పని అని జార్జియా, నార్త్ కరోలినా రాష్ట్రాలు గొడవ చేశాయి.

బలహీనమైన కేంద్రంతో విసిగి, మసాచుసెట్స్‌లో అప్పుల రైతులు కోర్టులను మూయించిన తిరుగుబాటుకు జడిసి, 1787 మే నెలలో ఫిలడెల్ఫియాలో సభ పెట్టారు. రోడ్ ఐలండ్ రానేలేదు. మిగతా 12 రాష్ట్రాల నుంచి మొత్తం 55 మంది వచ్చారు. తలుపులు మూసుకుని నాలుగు నెలలు వాదించుకుని సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు చేశారు. ఆ 55 మందిలో స్త్రీ లేదు, నల్లవాడు లేడు, ఆదివాసీ లేడు. మన రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఉన్నాడు, 1946 డిసెంబరులోనే లేచి ఆదివాసుల తరఫున మాట్లాడాడు. ఆయన అడిగినవన్నీ దక్కాయని కాదు, అడగడానికి ఒక గొంతు ఆ గదిలో ఉంది.

ఫిలడెల్ఫియాలో అసలు గొడవ పెద్ద రాష్ట్రాలకూ చిన్న రాష్ట్రాలకూ మధ్య. జనాభాను బట్టి సీట్లు అన్నాయి పెద్దవి, రాష్ట్రానికి సమానంగా అన్నాయి చిన్నవి. చివరికి రెండూ ఇచ్చారు: ప్రతినిధుల సభలో జనాభాను బట్టి, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున. జనాభా లెక్కలో బానిసలను ఐదుగురిని ముగ్గురుగా లెక్కించారు, ఓటు మాత్రం వాళ్లకు లేదు, యజమానులకే. యుద్ధం, ఒప్పందాలు, నాణేలు, తపాలా, రాష్ట్రాల మధ్య వ్యాపారం వంటివి పేరుపేరునా రాసి కేంద్రానికి ఇచ్చారు. రాయనిదంతా రాష్ట్రాలది, ప్రజలది అని 1791లో పదో సవరణ తేల్చింది. మన దగ్గర ఇది తలకిందులు. జాబితాల్లో లేని అధికారాలు మన కేంద్రానికి పోతాయి. డీఎస్సీకి చదివేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకుంటారు కానీ, దీనివల్ల ఎవరి బతుకు మారిందో అడగరు.

ఇక ఆ రెండు చోట్లు. ఒకటి, సీట్ల కోసం జనాన్ని లెక్కపెట్టేటప్పుడు పన్ను కట్టని ఇండియన్లను లెక్కలోంచి తీసేయాలి. అంటే వాళ్లు ఈ దేశపు మనుషుల్లో భాగం కాదు. రెండోది, విదేశాలతో, రాష్ట్రాల మధ్య, ఇండియన్ తెగలతో వ్యాపారాన్ని నియంత్రించే అధికారం కాంగ్రెస్‌ది. విదేశం, రాష్ట్రం, తెగ, మూడూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయి. పాత ఒడంబడికలోని రాష్ట్రం వాటా మాట ఈసారి తీసేశారు. పైగా కేంద్రం చేసే ఒప్పందాలు దేశానికి అత్యున్నత చట్టం, ఏ రాష్ట్ర చట్టమూ వాటికి అడ్డు రాకూడదు అని ఆరో అధికరణంలో ఉంది. కాగితం ప్రకారం చూస్తే ఆదివాసీ జాతుల పక్కన కేంద్రం నిలబడింది, రాష్ట్రం చెయ్యి తీసేయాలి.

దీనికి జార్జియా ఎందుకు ఒప్పుకుంది? 1788 జనవరిలో, అందరికంటే ముందు ఆమోదించిన నాలుగు రాష్ట్రాల్లో అదొకటి. ఒక్క ఓటూ వ్యతిరేకంగా పడలేదు. క్రీక్ జాతితో యుద్ధం వస్తుందని భయం, బలమైన కేంద్రం సైన్యం పంపుతుందని ఆశ. తెగల నుంచి తనను కాపాడుతుందని జార్జియా కేంద్రాన్ని కోరుకుంది, రాష్ట్రాల నుంచి తమను కాపాడుతుందని తెగలు అదే కేంద్రాన్ని నమ్మాయి.

1790లో కాంగ్రెస్ చేసిన చట్టం చదివితే మనకు 1/70 గుర్తొస్తుంది. కేంద్రం సమక్షంలో ఒప్పందం జరగకుండా తెగల భూమిని మనిషి గానీ రాష్ట్రం గానీ కొంటే చెల్లదు అంది ఆ చట్టం. రాష్ట్రం గానీ అన్న మాట ముఖ్యం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుడికి గనుల లీజు ఇవ్వకూడదని మన సమత తీర్పు 1997లో చెప్పింది కూడా ఇలాంటి మాటే. అయినా న్యూయార్క్ రాష్ట్రం 1795లో ఓనైడా జాతి దగ్గర లక్ష ఎకరాల వరకు కొనేసింది. ఆ కొనుగోలు చెల్లదని, దాని మీద కేసు వేసే హక్కు ఓనైడాలకు ఉందని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. 190 ఏళ్లు. మళ్లీ 2005లో, తాము తిరిగి కొనుక్కున్న భూమి మీద పన్ను కట్టనక్కర్లేదని ఓనైడాలు అంటే, ఇంత ఆలస్యంగా పాత అధికారం తిరిగి రాదని అదే కోర్టు అంది.

అన్నిటికంటే చెరోకీల కథ చెప్పాలి. వాళ్లు అడవిలో దాక్కోలేదు. సెకోయా అనే మనిషి 1821 నాటికి వాళ్ల భాషకు లిపి తయారుచేశాడు. 1827లో సొంత రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో న్యూ ఎచోటా నుంచి సొంత పత్రిక తెచ్చారు. నాగరికులు కండి, మీ భూమి మీకుంటుంది అన్నారు కదా, అయి చూపించారు. కానీ కేంద్రం 1802లోనే జార్జియాతో వేరే ఒప్పందం చేసుకుని ఉంది. జార్జియా తన పడమటి భూములు ఇచ్చేస్తే, రాష్ట్రంలో తెగలకున్న భూమి హక్కును తాను తొలగిస్తానని మాట ఇచ్చింది. చెరోకీలకు ఒక మాట, జార్జియాకు ఇంకో మాట. ఆ కొండల్లో బంగారం దొరికేసరికి జార్జియా ఆగలేదు. చెరోకీ ప్రభుత్వం చెల్లదు, అక్కడ మా చట్టమే నడుస్తుంది అంది. 1830లో కాంగ్రెస్ తెగలను మిసిసిపీ నదికి అవతలకు తరలించే చట్టం చేసింది. ప్రతినిధుల సభలో 102 ఓట్లకు 97. ఐదు ఓట్ల తేడా.

చెరోకీలు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1831లో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, మీరు విదేశం కాదు, దేశం లోపలే ఉండి దేశం మీద ఆధారపడిన జాతులు, సంరక్షకుడి కింద ఉన్న పిల్లల్లాంటివాళ్లు, కాబట్టి మీరు నేరుగా ఇక్కడ కేసు వేయలేరు అన్నాడు. మరుసటి ఏడు ఇంకో దారిలో కేసు వచ్చింది. జార్జియా అనుమతి లేకుండా చెరోకీ నేల మీద ఉన్నందుకు శామ్యూల్ వూస్టర్ అనే మిషనరీకి నాలుగేళ్ల కఠిన శిక్ష వేశారు. ఈసారి మార్షల్ స్పష్టంగా చెప్పాడు: చెరోకీ నేల మీద జార్జియా చట్టం చెల్లదు, ఆ జాతితో వ్యవహారం కేంద్రానిదే.

గెలిచారు. జార్జియా ఖాతరు చేయలేదు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ కదల్లేదు. రాష్ట్రాల హక్కులంటే ఆయనకు అంత గౌరవమేమో అనుకుంటారు. కానీ అదే 1832 చివర్లో సౌత్ కరోలినా, కేంద్రం వేసిన దిగుమతి సుంకం మా దగ్గర చెల్లదు అంటే, జాక్సన్ అది దేశద్రోహం అన్నాడు, సైన్యాన్ని వాడే అధికారం కాంగ్రెస్‌ను అడిగి తెచ్చుకున్నాడు. ఒకే మనిషి, ఒకే ఏడాది, రెండు పొరుగు రాష్ట్రాలు. సుంకం విషయంలో కేంద్రానికి చేతులున్నాయి, చెరోకీల విషయంలో లేవు. జార్జియా పోయి సౌత్ కరోలినాతో కలుస్తుందేమోనని వూస్టర్ సంగతి మెల్లగా సర్దేశారు. 1833 జనవరిలో అతను విడుదలయ్యాడు. చెరోకీ నేల మాత్రం జార్జియా చేతిలోనే ఉండిపోయింది. సమాఖ్య అంటే అధికారాల పంపకం అని నేను చాలా ఏళ్లు బోర్డు మీద రాశాను. ఇప్పుడు ఆ గీతల పక్కన ఈ రెండు రాష్ట్రాల కథ కూడా చెబుతున్నాను.

1835లో కొద్దిమంది చెరోకీల చేత సంతకాలు పెట్టించి భూమంతా ఇచ్చేసినట్టు ఒప్పందం రాయించుకున్నారు. వాళ్ల ముఖ్య నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోలేదు, 15,000 పైగా సంతకాలతో అర్జీ పంపాడు. సెనేట్‌లో కావలసిన మూడింట రెండు వంతుల మెజారిటీ ఒక్క ఓటు తేడాతో వచ్చి అది నెగ్గింది. 1838లో సైన్యం ఇళ్లలోంచి లాగి దొడ్లలో పెట్టి, చలికాలంలో నడిపించింది. 16,000 మందిలో సుమారు 4,000 మంది చనిపోయారని లెక్క.

అక్కడితో అయిపోలేదు. 1871 నుంచి తెగలతో కొత్త ఒప్పందాలు మానేశారు, పాతవి మాత్రం చట్టంగా మిగిలాయి. 1924 దాకా వాళ్లలో చాలామందికి పౌరసత్వమే లేదు. 2020లో మెక్‌గర్ట్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు, నలుగురుగా చీలి, తూర్పు ఓక్లహోమాలోని క్రీక్ జాతి రిజర్వేషన్‌ను కాంగ్రెస్ ఏనాడూ రద్దు చేయలేదు కాబట్టి అది ఇప్పటికీ ఉంది అని తీర్పు ఇచ్చింది. తరిమేసి తీసుకెళ్లి చూపించిన నేల అది. ఆ నేల మీద ఆదివాసీ చేసినట్టు చెప్పే పెద్ద నేరాల కేసు రాష్ట్రం నడపకూడదు, కేంద్రం నడపాలి. రెండేళ్లకే, 2022లో, బయటివాళ్లు ఆదివాసుల మీద చేసే నేరాల్లో రాష్ట్రానికీ అధికారం ఉందని అదే కోర్టు కొంత వెనక్కి లాగింది.

క్లాసులో ఇదంతా చెప్పడానికి నాకు మూడు పీరియడ్లు పట్టింది. చివర్లో ఆ పిల్లవాడు మళ్లీ లేచాడు. "మరి ఇప్పుడైనా కూర్చోనిచ్చారా సార్?" భూమి లాక్కున్న ఆ 1835 ఒప్పందంలోనే ఏడో అధికరణం ఉంది. కాంగ్రెస్ ఏర్పాటు చేసినప్పుడు ప్రతినిధుల సభలో చెరోకీలకు ఒక ప్రతినిధి ఉంటాడని. 2019లో చెరోకీ జాతి ఆ కుర్చీకి కింబర్లీ టీహీ అనే ఆమెను ఎంపిక చేసింది. 2022లో సభా సంఘం ఒకటి విచారణ కూడా జరిపింది. కుర్చీ ఇంకా వేయలేదు అని చెప్పాను.