ఎవరి మనిషివి? వెట్టి మాన్యం నుంచి డెలివరీ యాప్ దాకా (7వ భాగం)



పోయిన భాగంలో తలారి, తోటి పనుల గురించి రాస్తూ జొమాటో, స్విగ్గీ పిల్లల మాట ఒక్క వాక్యంలో అనేసి ముందుకు పోయాను. పులివెందుల విద్యార్థి ఒకరు గట్టిగానే అడిగారు: "వాళ్ళు ఇష్టముంటే లాగిన్ అవుతారు, లేకుంటే లేదు. వెట్టితో పోలిక ఎట్లా కుదురుతుంది?" న్యాయమైన ప్రశ్న. సినిమాల్లో చూసే కొరడా, దొర, గొలుసుల వెట్టితో అయితే కుదరదు. కానీ మా కడప జిల్లా పల్లెల్లో వెట్టికి కాగితం మీద ఉన్న పేరు వేరు. అది హక్కు, మిరాశీ, మాన్యం.

వెట్టి అంటే కూలి లేకుండా బలవంతంగా చేయించే పని. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు ఆ అర్థమే ఇస్తుంది. ఆయన కడపలో ఉద్యోగం చేసినవాడు, ఇక్కడి పల్లె భాష తెలిసినవాడు. అయితే సీమలో అదే మాట ఒక మనిషికి కూడా పేరు. రెడ్డి, కరణం, తలారి, నీరుగంటి లాగే వెట్టి కూడా ఊరి ఆయగాళ్ళలో ఒకడు. 1800లో నిజాం ఈ దత్త మండలాలను కంపెనీకి వదిలేసి, మన్రో మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చేనాటికే ఈ వ్యవస్థ పాతది. పై వరసలో ఉన్న రెడ్డికి, కరణానికి అది అధికారం. అడుగున ఉన్న మాల మాదిగలకు అది కాలినడక. తాలూకా కచేరీకి కాగితాలు మోయాలి, శిస్తు డబ్బు వెంట నడవాలి, దండోరా వేయాలి, క్యాంపుకొచ్చిన దొర సామాను పక్క ఊరి పొలిమేర దాకా చేర్చాలి. పొరుగూరికి చావు కబురు కూడా అతనే తీసుకుపోవాలి. ఊరి డెలివరీ అంతా ఆ కాళ్ళ మీదే నడిచింది.

బదులుగా ఏమిచ్చారు? కొంచెం మాన్యం భూమి, కళ్ళంలో రైతులు కొలిచిపోసే మేర. పంట పండితే మేర. ఎండిపోతే లేదు. రైతుకు కోపమొస్తే అసలే లేదు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ తర్వాత చాలా మాన్యాలు మామూలు శిస్తు భూములైపోయాయి, చాలీచాలని నెల జీతాలు వచ్చాయి. 1895 మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం మునసబు, కరణంతో పాటు తలారిని, వెట్టిని, తోటిని కూడా లెక్కలో రాసుకుంది. అంటే ఈ చాకిరీని ఆచారమని వదిలేయలేదు, చట్టం చేసి నిలబెట్టారు.

దీన్ని విప్పి చూపినవారు బాబాసాహెబ్. 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద సవరణ బిల్లు పెట్టారు. 1927 మహద్ చెరువు పోరాటం అందరికీ గుర్తుంటుంది, మరుసటి ఏడు వచ్చిన ఈ బిల్లును మనవాళ్ళు కూడా పెద్దగా చదవరు. అందులో ఆయన పట్టుకున్నది మూడు విషయాలను. పనికి వేళ లేదు, రాత్రైనా పగలైనా పిలవొచ్చు, అతను లేకపోతే ఇంట్లోవాళ్ళు రావాలి. పనికి హద్దు లేదు, ఏ శాఖ ఉద్యోగి అయినా ఏ పనైనా చెప్పొచ్చు. ఇక జీతానికి యజమాని లేడు. పని చేయించుకునేది సర్కారు, గింజలు కొలవాల్సింది ఊరు. అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు. విధులు రాతపూర్వకంగా చెప్పండి, జీతం సర్కారే ఇవ్వాలి, వద్దనుకున్నవాడికి ఈ పని వదులుకునే దారి ఉండాలి అని ఆయన కోరారు. సెలెక్ట్ కమిటీ బిల్లును మార్చేసిన తీరు చూసి 1929లో వెనక్కి తీసుకున్నారు.

మన దగ్గర ఆ కథ ఇంకా సాగింది. గ్రామోద్యోగం వంశపారంపర్యంగా ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని 1960లో సుప్రీంకోర్టు గాజుల దశరథరామారావు కేసులో చెప్పింది. అది తెనాలి తాలూకా మునసబు ఉద్యోగం మీద వచ్చిన కేసు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పార్ట్ టైం గ్రామోద్యోగాలు రద్దు చేసింది. కరణాలు పోయారు, కింది సేవకులు మాత్రం మిగిలారు, తర్వాత వీఆర్ఏలయ్యారు. పని పార్ట్ టైం, పిలుపు ఇరవైనాలుగు గంటలు. ఇచ్చేది గౌరవ వేతనం. (జీతం ఇవ్వదలచుకోని చోట గౌరవం ఎందుకు ముందుకొస్తుందో తెలుగు పాఠం చెప్పే నాకూ అంతుపట్టదు.) తెలంగాణలో 2022లో నెలల తరబడి సమ్మె చేస్తే గాని, 2023లో ఇరవై వేల మందికి పైగా వీఆర్ఏలకు పే స్కేలు రాలేదు.

ఇప్పుడు యాప్ దగ్గరికి రండి. బాబాసాహెబ్ అడిగిన ఆ మూడు ప్రశ్నలే అడుగుదాం. వేళ ఉందా? లాగిన్ అయి, హోటల్ ముందు బండి మీద కూర్చున్న గంటకు లెక్క లేదు. పనికి హద్దు ఉందా? ఎంత దూరం, ఎంత రేటు, ఏ ఆర్డరు అన్నది అల్గారిథం చెబుతుంది. రేటు మారినా అతన్ని అడగరు. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ చుట్టుపక్కల బ్లింకిట్ పిల్లలు సమ్మెకు దిగింది ఇట్లా ఆర్డరు రేటు తగ్గించినందుకే. మూడోది, యజమాని ఎవరు? హోటల్ తనది కాదంటుంది, కస్టమరు తనకు తెలియదంటాడు, కంపెనీ నువ్వు నా పార్ట్‌నరువి అంటుంది. ఐడీ బ్లాక్ చేసేటప్పుడు మాత్రం ఆ పార్ట్‌నరును సంజాయిషీ అడిగే మర్యాద కూడా ఉండదు.

కోర్టులకు ఈ ఎత్తుగడ కొత్తేం కాదు. పని ఎట్లా చేయాలో ఎవరు అదుపు చేస్తున్నారో చూడాలని ధ్రాంగధ్రా ఉప్పు కార్మికుల కేసులో 1956లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1978లో హుస్సేన్‌భాయ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మధ్యవర్తుల తెరను తీసి అసలు యజమానిని చూడమన్నారు. 1982 ఏషియాడ్ కార్మికుల కేసు మనకు అన్నిటికంటే ముఖ్యం. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికే వస్తుందని ఆ తీర్పు. ఆకలి కూడా ఒక బలవంతమే అని కోర్టు ఒప్పుకుంది. "ఇష్టముంటేనే లాగిన్ అవుతారు కదా" అన్న ప్రశ్నకు నా జవాబు ఆ తీర్పే.

కానీ 2020 సామాజిక భద్రత కోడ్ ఏం చేసింది? గిగ్ వర్కరు అంటే సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట పని చేసేవాడు అని నిర్వచనంలోనే రాసేసింది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లో ఉంది. కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలి, అదీ వర్కర్లకు ఇచ్చే మొత్తంలో 5 శాతం మించకుండా. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించింది. రాజస్థాన్ 2023లో, కర్ణాటక 2025లో చట్టాలు చేశాయి. ఇవి యూనియన్లు పోరాడి తెచ్చుకున్నవి, వీటిని చిన్నచూపు చూడను. హైదరాబాదు కేంద్రంగా షేక్ సలావుద్దీన్, ఆయన సహచరులు ఏళ్ళుగా చేసిన పని ఇందులో ఉంది. కానీ సంక్షేమ నిధి మేర లాంటిది. కళ్ళంలో కొలిచి పోస్తారు. గంటకు ఇంత అని అడిగే హక్కు కూలికి ఉంటుంది, మేరకు ఉండదు. 2025 డిసెంబర్ 25న, 31న దేశమంతా సమ్మె పిలుపులు వచ్చాక, జనవరిలో కార్మిక మంత్రి చెబితే బ్లింకిట్ "పది నిమిషాలు" అన్న మాట తీసేసింది. ఎదురుచూసిన గంటకు ఎంత అన్నది మాత్రం ఏ చట్టంలోకీ ఎక్కలేదు.

ఇందులో కులం ఎక్కడుందని అడిగేవాళ్ళున్నారు. 2024లో పైగామ్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో చేసిన సర్వేలో, ఎస్సీ ఎస్టీ యాప్ డ్రైవర్లలో 60 శాతానికి పైగా రోజుకు 14 గంటలు దాటి పని చేస్తున్నారు. జనరల్ కేటగిరీలో అట్లా చేసేవాళ్ళు 16 శాతమే. అదే 2024 మార్చిలో జొమాటో శాకాహారులకు విడిగా ఆకుపచ్చ చొక్కాల దళం ప్రకటించింది. గోల లేచాక చొక్కా రంగు మార్చుకుంది. ఎవరి చేతి అన్నం ఎవరు ముట్టాలన్న లెక్క యాప్‌లోకి ఎంత సులువుగా ఎక్కిందో చూడండి.

మా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర కూడా కాంట్రాక్టు కార్మికులున్నారు. వాళ్ళ కష్టాలు వేరే భాగంలో రాస్తాను. అయితే అక్కడ ఒక గేటు ఉంది, గేటు మీద కార్పొరేషన్ బోర్డు ఉంది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం చెప్పింది. ధర్నాకు కూర్చోవడానికి ఒక చోటుంది. గనికి భూమి ఇచ్చినవాళ్ళు ఉద్యోగం అడగగలిగారు. ఇవ్వడానికి భూమే లేని మాల మాదిగ ఇళ్ళ పిల్లలు బెంగళూరు, హైదరాబాదు బస్సెక్కి బండి, బ్యాగు పట్టుకున్నారు. వాళ్ళకు టెంటు వేసుకోవడానికి గేటు ఏది?

2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఉబర్ డ్రైవర్ల కేసులో ఈ గేటు ఎక్కడుందో చెప్పింది. డ్రైవరు తన ప్రాంతంలో, పనికి సిద్ధంగా యాప్‌లో లాగిన్ అయిన క్షణం నుంచి లాగౌట్ దాకా పని వేళే అంది. కనీస వేతనం ఆ లెక్కనే కట్టాలి. ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో మన కుర్రాళ్ళతో మాట్లాడేటప్పుడు ముందు ఇది అడగండి: నిన్న ఎన్ని గంటలకు లాగిన్ అయ్యావు, ఎన్ని గంటలకు లాగౌట్ అయ్యావు, చేతికొచ్చింది ఎంత, పెట్రోలుకు పోయింది ఎంత. రాసి పెట్టుకోమనండి.