‘పెళ్లయితే మారతాడులే’ అన్న మాటకి 1848లోనే జవాబు చెప్పిన నవల

ఈరోజు ఒక లవ్‌స్టోరీ చెప్తాను. మనది హిస్టరీ ఛానల్ కాబట్టి మధ్యలో చట్టం కూడా వస్తుంది, భరించండి.

స్టోరీ యాప్‌లలో ఇప్పుడు ఒక టైపు కథలు తెగ నడుస్తున్నాయి. అమ్మాయి ఒక దుర్మార్గుడి దగ్గర నలిగిపోతుంది, బయటపడుతుంది, తర్వాత ఒక మంచివాడు దొరుకుతాడు, గాయం మానుతుంది. ఇదేదో మన జనరేషన్ ఫార్ములా అనుకుంటాం కదా? కాదు. 1848 జూన్‌లో లండన్‌లో ‘ద టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్’ అనే నవల మూడు భాగాలుగా వచ్చింది. రచయిత పేరు ఆక్టన్ బెల్. అసలు పేరు ఆన్ బ్రాంటీ, వయసు 28.

కథ ఇది. హెలెన్ పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఆర్థర్ హంటింగ్‌డన్ అనే అందగాడిని ప్రేమిస్తుంది. అతని బుద్ధులు మంచివి కావని మేనత్త చెప్తూనే ఉంటుంది. ‘నేను మార్చుకుంటాను’ అని హెలెన్ నమ్మకం. మన ఇళ్లల్లో పెద్దవాళ్లే అనే ‘పెళ్లయితే మారతాడులే’ అన్నమాట! అతను మారడు. తాగుడు, అవమానాలు, ఫ్రెండ్ భార్యతో సంబంధం. చివరికి చిన్న పిల్లాడైన కొడుక్కి కూడా వైన్ అలవాటు చేస్తాడు. అక్కడ హెలెన్ నిర్ణయం తీసుకుంటుంది: బయటికెళ్లాలి.

ఎలా వెళ్లాలి? ఆమెకి బొమ్మలు వేయడం వచ్చు. అవి అమ్మి బతకొచ్చని ప్లాన్ వేస్తుంది. భర్త ఆమె డైరీ లాక్కుని చదివేస్తాడు. రంగులు, కుంచెలు అన్నీ మంటల్లో పడేయిస్తాడు. చెయ్యి ఎత్తకుండానే మనిషిని ఎలా కట్టేయొచ్చో ఆ ఒక్క సీన్ చూపిస్తుంది. ముందు సంపాదన మార్గం మూసేయడం. ఇప్పుడైతే ఏటీఎం కార్డు, ఫోన్ లాక్కుంటారు, అంతే తేడా.

ఇక చట్టం. అప్పటి ఇంగ్లండ్‌లో ‘కవర్చర్’ అనే పద్ధతి ఉండేది. పెళ్లయ్యాక భార్యకి చట్టం ముందు విడిగా ఉనికి లేదు. ఆమె సంపాదన కూడా భర్తదే. మన భాషలో చెప్పాలంటే అకౌంట్ ఒకటే, అడ్మిన్ ఆయన. పిల్లల మీద హక్కు తండ్రిది. కరోలిన్ నార్టన్ అనే రచయిత్రి 1836లో భర్త నుంచి విడిపోయినప్పుడు పిల్లల్ని ఆమెకి దూరం చేశారు. ఆమె పోరాటం వల్ల 1839లో చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని తల్లి కోర్టుని అడగొచ్చు. కానీ నవలలో హెలెన్ పారిపోయేది 1827లో. అంటే కొడుకుని తీసుకెళ్లడమే తప్పు, బొమ్మలమ్మిన డబ్బు కూడా చట్టం లెక్కలో భర్తదే! అందుకే ఆమె పేరు మార్చుకుని, ఒక పాడుబడ్డ ఇంట్లో దాక్కుంటుంది.

అక్కడ గిల్బర్ట్ అనే రైతు ఆమెని ప్రేమిస్తాడు. అతను పర్ఫెక్ట్ హీరో అనుకోకండి. అనుమానంతో ఒకసారి హెలెన్ అన్ననే కొరడా పిడితో తలమీద కొడతాడు, అతను అన్న అని తెలీక. హెలెన్ అతనికి తన డైరీ ఇస్తుంది. ఒకప్పుడు భర్త లాక్కుని చదివిన డైరీని ఇప్పుడు తనంతట తానే ఇస్తోంది. నాకు ఈ నవలలో బాగా నచ్చిన పాయింట్ ఇదే. నమ్మకం తిరిగి రావడం అంటే ఏంటో ఆన్ డైలాగులు లేకుండా చెప్పేసింది.

భర్తకి జబ్బు చేస్తే హెలెన్ సేవ చేయడానికి వెనక్కి వెళ్తుంది. ‘మళ్లీ అదే కథా?’ అనుకోకండి. కొడుకుని చూపించే ముందే, పిల్లాడి మీద నిర్ణయం తనదేనని కాగితం రాయించి, సాక్షి ముందు సంతకం పెట్టించుకుంటుంది. జాలి ఉంది, కానీ జాగ్రత్త కూడా ఉంది. అతను చనిపోయాకే రెండో పెళ్లి. ఎందుకంటే 1857కి ముందు మళ్లీ పెళ్లి చేసుకునే వీలున్న విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. హెలెన్‌కి దారి ఇవ్వాలంటే రచయిత్రి భర్తని చంపక తప్పలేదు.

1857 చట్టం వచ్చాక కూడా భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి చూపిస్తే చాలు. భార్య మాత్రం దానికి తోడు హింసో, వదిలేసి వెళ్లడమో నిరూపించాలి. ఇదే మోడల్ 1869 ఇండియన్ డైవోర్స్ యాక్ట్‌గా మన దగ్గరికొచ్చింది. గుంటూరులోనైనా, హైదరాబాద్‌లోనైనా క్రైస్తవ మహిళలకి వర్తించింది అదే. విడాకులకి ‘కొడుతున్నాడు’ అనేది ఒక్కటే సరిపోయేది కాదు. పార్లమెంటు దాన్ని సవరించింది 2001లో!

నవల అప్పట్లో బాగా అమ్ముడుపోయింది, తిట్లూ తిన్నది. 1849 మేలో ఆన్ చనిపోయింది, 29 ఏళ్లకే. మరుసటి ఏడాది పబ్లిషర్ మళ్లీ వేస్తానంటే, ఈ సబ్జెక్టు ఎంచుకోవడమే పొరపాటని అక్క షార్లెట్ వద్దంది. 1854లో వచ్చిన చవక ఎడిషన్‌లో చాలా భాగం కోసేశారు. చాలా ఏళ్లు జనం చదివింది ఆ కోసేసిన పుస్తకమే.

ఇలాంటి కథ ఈసారి చదివినప్పుడు ఒక్కటి గమనించండి. రెండో హీరో ఎంట్రీకి ముందే హీరోయిన్ తలుపు తీసుకుని బయటికొచ్చిందా, లేక అతనొచ్చి తీసుకెళ్లాడా? హెలెన్‌ని ఎవరూ ప్రేమతో కాపాడలేదు. అన్న ఇల్లు చూపించాడు, పనిమనిషి రేచల్ తోడొచ్చింది, కుంచె అన్నం పెట్టింది. ప్రేమ ఆ తర్వాత వచ్చింది.

మీరు చదివిన వాటిలో అలాంటి హీరోయిన్ ఎవరో కింద రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.