పెద్దవేట తూటా: ఎండయు, శాసనమును, చేతిపనియు

ఆయుధముల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా తుపాకి గొట్టమును, దాని నగిషీని, దానిని ధరించిన వీరుని వర్ణించి విరమింతురు. ఆ గొట్టమునకు ప్రాణమైన తూటాను గూర్చి రెండు వాక్యములైనను వ్రాయరు. ఏనుగు, అడవిదున్న, పెద్దపులి వంటి ప్రమాదకర మృగములను వేటాడుటకై బ్రిటిషువారు నిర్మించిన భారీ రైఫిళ్ల విషయమున ఈ ఉపేక్ష మరింత తగనిది. ఏలయన, ఆ తూటాల ఆకృతిని, బలమును నిర్ణయించుటలో లండను, బర్మింగ్‌హాము నగరముల పనివారి బుద్ధికుశలతకు ఎంత పాలు కలదో, భారతదేశపు ఎండకును, భారతదేశము నేలిన ప్రభుత్వపు భయమునకును అంత పాలు కలదు. కార్ఖానాలు వానిని విడిచిపెట్టిన పిమ్మట బ్రతికించినది మాత్రము ఇంట బల్లముందు కూర్చుండి తన మందు తాను తూచుకొనిన మనుష్యుని చేయి.

పూర్వకాలమున ప్రతి వేటగాడును తన తూటాకు తానే కర్త. సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన నల్లమందును గొట్టము మూతినుండి పోసి, గుండును గుడ్డపేలికతో దిగవేసి, గజముతో దట్టించి, నిప్పు పుట్టించు కేపు పెట్టి పేల్చుట ఆనాటి పద్ధతి. ఇంగ్లండు వాడుకొనిన సురేకారములో అధికభాగము బీహారు మట్టినుండి తీయబడి, గంగానదిమీదుగా ఓడలకెక్కినదే. నల్లమందుబలము పరిమితమగుటచే, పెద్దమృగమును పడగొట్టవలెనన్న గుండును పెద్దది చేయుట యొక్కటే ఉపాయముగా నుండెను. ఒక పౌను సీసముతో ఎన్ని గుండ్లు పోయవచ్చునో ఆ సంఖ్యయే తుపాకికి పేరయ్యెను. నాలుగవ నంబరు తుపాకి యనగా నాలుగు గుండ్లు పౌను తూగునదని అర్థము.

1871లో పందొమ్మిదేండ్ల ప్రాయమున దక్షిణాఫ్రికా చేరిన ఆంగ్లేయ వేటగాడు ఫ్రెడరిక్ సెలూస్, చౌకవెలకు దొరకిన అట్టి తుపాకులతోనే 1872 మొదలు 1874 వరకు 78 ఏనుగులను చంపెను. నడుమునకు వ్రేలాడు తోలుసంచిలో చేయిపెట్టి, పిడికిటికి వచ్చినంత మందు తీసి పోసికొనుటయే ఆయన కొలత. గుండు నాలుగు ఔన్సులు, అనగా మన పాతలెక్కను పది తులములకు కొంచెము తక్కువ. ఒకమారు పేలక నిలిచిన తుపాకిలో సేవకుడు మరల మందును గుండును దట్టించి యిచ్చుటచే, అది పేలిన తాకిడికి సెలూస్ ఎగిరి దూరముగా పడెను. ఆ తుపాకులు తన నరముల పట్టును చెరచినవనియు, వానిని ముట్టకున్న బాగుండెడిదనియు ఆయన పిమ్మట పశ్చాత్తాపముతో వ్రాసికొనెను. సింహళమునను ఆఫ్రికాలోను వేటాడిన సామ్యుయల్ బేకరు అర పౌను గుండును పేల్చు తుపాకిని చేయించుకొని, దానిని పేల్చుటకు తానే జంకెడివాడు. పిడికిటికొలతలోని స్వేచ్ఛకు వేటగాండ్రు చెల్లించిన మూల్యమిది.

ఇత్తడి తూటా వచ్చుటతో కొలత స్థిరపడెను. 1866 ప్రాంతమున ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సరు, అమెరికాలో హైరం బెర్డను చెరియొక విధమైన కేపును నిర్మించిరి. మందు, గుండు, కేపు మూడును ఒక్క ఇత్తడికోశములో నిమిడి తుపాకి వెనుకభాగమున చేరెను. అయినను ఇంటిపని ముగిసిపోలేదు. తేలికగుండును అధికవేగముతో పంపు ఆనాటి ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లను అమ్మువారు చెక్కపెట్టెలో తుపాకితోపాటు గుండ్లు పోయు అచ్చును, మందు కొలుచు గిన్నెను, కేపు మార్చు పనిముట్టును గూడ అమర్చి యిచ్చుచుండిరి. పట్టణములకు దూరముగా నడవులయందు మసలు అధికారికి, కాఫీతోటల దొరకు పేలిన ఇత్తడికోశము పారవేయదగిన వస్తువు కాదు. దానిని కడిగి, కేపు మార్చి, మరల నింపుకొనుట అతని సాయంకాలపు పనులలో నొకటి.

ఈ పద్ధతిని మార్చినది కార్డైటు. 1889లో ఫ్రెడరిక్ ఏబెలు, జేమ్స్ డ్యూయరు కనిపెట్టిన ఈ పొగలేని మందు సన్నని త్రాళ్లవలె పోగులు పోగులుగా నుండును. 1898లో జాన్ రిగ్బీ సంస్థ అంగుళములో వేయింట 450 వంతుల వ్యాసముగల నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను వెలువరించెను. దాని గుండు 480 గ్రెయిన్లు మాత్రమే. అనగా రెండు తులముల ముప్పాతికకు లోపు. సెలూస్ గుండులో మూడవవంతైనను లేని ఈ గుండు సెకనునకు 2150 అడుగుల వేగముతో పోయి, ఏనుగు తలయెముకను భేదింపగలిగెను. అటుపిమ్మట జెఫరీ సంస్థవారి 600 తూటా వచ్చెను. దాని గుండు 900 గ్రెయిన్లు, సరిగా ఐదు తులములు.

అయితే చలిదేశమున పుట్టిన కార్డైటునకు ఎండ సరిపడలేదు. వేడిమి పెరిగినకొలదియు దాని ఒత్తిడి పెరుగును. ఇంగ్లండులో సుఖముగా పేలిన తూటా, మధ్యభారతమున వేసవిలో ఎండకు కాగిన తుపాకిలో పేలినప్పుడు, ఇత్తడికోశము ఉబ్బి గొట్టమునకు అంటుకొని బయటకు రాక మొరాయించెడిది. గాయపడిన మృగము ఎదుట నిలిచియుండగా పేలిన కోశము ఊడిరాని తుపాకి చేతనుండుట యెట్టిదో ఊహింపవచ్చును. అందుచే ఉష్ణదేశములకై మందు తగ్గించిన తూటాలను వేరుగా చేసిరి. కొలదిపాటి ఒత్తిడితోనే కావలసిన వేగము సిద్ధించునట్లు కోశములను పొడవుగా, విశాలముగా నిర్మించిరి. 1911లో రిగ్బీ వెలువరించిన 416 తూటాయొక్క స్థూలకాయమునకు కారణమిదియే.

ఎండకు తోడుగా శాసనము వచ్చెను. బ్రిటిషు సైన్యపు మార్టినీ హెన్రీ తుపాకులు వాయవ్యసరిహద్దు తెగల చేతులకు చిక్కియుండెను. వాని గొట్టములును 450 కొలతవే. వేటతూటాల గుండ్లు ఆ తుపాకులకు చేరునేమో యను భయముచే, ఇరువదవ శతాబ్దపు తొలిదశకమున ప్రభుత్వము 450 తూటాలు భారతదేశములో దిగుమతి కాకుండ నిషేధించెను. భారతదేశపు విక్రయమును వదలుకొనలేని తుపాకి సంస్థలు తలకొక క్రొత్త కొలతను చేపట్టినవి: హాలెండువారు 465, లాంగువారు 470, జెఫరీవారు 475, వెస్ట్లీ రిచర్డ్సువారు 476. బలమున ఇంచుమించు సమానములైన ఇన్ని తూటాలు ఏల పుట్టెనని నేటివారు విస్మయపడుదురు. వాని మూలము ఈ దేశపు శాసనములో నున్నది. తూటావిషయమున ప్రభుత్వపు భయము నిర్హేతుకము కాదని మన మన్యమే నిరూపించెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి మొట్టమొదట చేజిక్కించుకొనినవి తుపాకులును తూటాలునే.

ఈ తూటాలలో పెక్కింటిని లోకమునకు అందించినది బర్మింగ్‌హాము చెంత విట్టనులోని కైనాక్ కార్ఖానా. సామ్రాజ్యము కుంచించుకొనిపోయి, కొనువారు తగ్గగా, 1960ల దశకమున ఆ కార్ఖానా పెద్దవేట తూటాల నొక్కొక్కటిగా మానివేసెను. వేలకొలది తుపాకులు మందులేక మూగవోయెను. అప్పుడు అమెరికాలోను, ఆఫ్రికాలోను, ఆస్ట్రేలియాలోను కొందరు పూర్వులవలె తమ తూటాలను తామే నింపుకొన మొదలిడిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము మిగిలిన సైనికపు మందును బ్రూస్ హాడ్జ్‌డను చౌకగా అమ్ముటచే అమెరికాలో ఈ విద్య అప్పటికే ఇల్లిల్లు చేరియుండెను. 1932లో ఫ్రెడ్ బార్న్స్ ఆరంభించిన గుండ్ల తయారీ భారీ రైఫిళ్లకు ఆసరా అయ్యెను.

వారి పని సులభమైనది కాదు. పాత కైనాక్ కోశములలో బెర్డను కేపు లుండెను; బాక్సరు కేపువలె నడుమ నొక్కటే రంధ్రము లేకపోవుటచే, వానిని తొలగించుట శ్రమతో గూడిన పని. కార్డైటు దొరకదు, క్రొత్తమందు విశాలమైన ఆ కోశమును నింపదు, మిగిలిన ఖాళీలో మందు అటునిటు దొర్లిన నిప్పు సరిగా అంటుకొనదు. అందుచే మందుపై బూరుగుదూదిని కూరి నిలుపుట నేర్చిరి. అన్నిటికంటె కఠినమైనది జోడుగొట్టపు రైఫిలు. దాని రెండు గొట్టములను నిర్ణీతమైన ఒక్క తూటాకు అనుగుణముగా, పేల్చి చూచి, మరల కరిగించి అతికి, పనివాడు కూర్చియుండును. ఆనాటి వేగమునకు భిన్నమైన వేగముతో గుండు పోయినచో రెండు గొట్టముల గుండ్లు ఒకచోట చేరవు. కావున క్రొత్తగా తూటా నింపువాడు, ఎన్నడో గతించిన పనివాని కూర్పును గౌరవించి, ఆ వేగమునే మరల సాధింపవలసియుండెను. శ్రుతి చేసిన వీణను చెడగొట్టక వాయించుట వంటిదీ పని.

కార్ఖానా తూటాయే నమ్మదగినదను విశ్వాసమునకు గూడ ఆ కాలముననే దెబ్బ తగిలెను. 1956లో విన్‌చెస్టరు సంస్థ వెలువరించిన 458 తూటా పొట్టికోశమున మందును అదిమి నింపుటచే, కొన్ని తూటాలలో మందు గడ్డకట్టి, గుండు బలహీనముగా వెడలెను. 1959లో మొజాంబిక్‌లో అడవిదున్నచే గాయపడిన జాక్ లాట్ అను అమెరికను, 1971లో ఇంతకంటె పొడవైన కోశముతో తన పేరిట క్రొత్త తూటాను రూపొందించెను. అది ఒక వ్యక్తి స్వప్రయత్నముచే పుట్టినది. పెద్ద సంస్థలు దానిని చాలకాలమునకు గాని స్వీకరింపలేదు.

మన దేశమున ఈ కథ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో ముగిసెను. ముగియుట న్యాయము. పులులను, ఏనుగులను, దున్నలను ఈ తూటాలు ఎంతగా హరించెనో స్మరించినవారెవ్వరును ఆ దినములు మరల రావలెనని కోరరు. కాని వేట తగదన్నంతమాత్రమున దాని చరిత్ర తగనిది కాదు. మన వస్తుప్రదర్శనశాలలలోను, పాత సంస్థానముల కోటలలోను తుపాకులు అద్దపుబీరువాలలో మెరయుచున్నవి. వాని ప్రక్కన తూటాపెట్టెలు గాని, అచ్చులు గాని, కొలతగిన్నెలు గాని అరుదు. ఆ సామగ్రి ఎవరి యింట మిగిలియున్నను, దానిని చట్టప్రకారము అధికారుల మూలమున నిరపాయకరము చేయించి, ప్రదర్శనశాలల కప్పగింపవలెనని నా మనవి. ఎండయు శాసనమును ఒక వస్తువును ఎట్లు మలచునో చూపుటకు, తుపాకికంటె తూటాయే మేలైన సాక్ష్యము.